పదహారణాల కంప్యూటరు



యూసుఫ్‌గూడలో మా పక్క వాటాలో ఒక లైట్‌మాన్ కుటుంబం ఉంటున్నది. ఈ పేటలోనూ, పక్కనున్న కృష్ణానగర్‌లోనూ సినిమా పనివాళ్లు చాలామంది కాపురముంటారు. మా పక్కింటాయన తెల్లవారకముందే షూటింగుకు వెళ్లి, ఏ రాత్రికో ఇల్లు చేరతాడు. ఆయనకు ఇద్దరు పిల్లలు. అబ్బాయి ఇంటరు, అమ్మాయి తొమ్మిదో తరగతి.

ఒక ఆదివారం ఆ ఇల్లాలు మా ఇంటికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మూడేళ్లు కట్టిన చీటీ డబ్బు చేతికి వచ్చింది. 64,000 రూపాయలు. వాడికి కంప్యూటరు కావాలట. షాపులో తయారుగా ఉన్నది వద్దట, సామాన్లు తెచ్చి తనే బిగిస్తాడట. అదీ ఆటలు ఆడటానికి! వాళ్ల నాన్న సరేనన్నారు. నాకు మాత్రం గుండె దడగా ఉంది. మీరొకసారి వాడితో మాట్లాడండి," అన్నది.

సాయంత్రం అన్నాచెల్లెళ్లిద్దరూ వచ్చారు. అబ్బాయి చేతిలో సామాన్ల జాబితా ఉన్నది. అందులో గ్రాఫిక్స్ కార్డు ఒక్కదానికే 40,000 రాశాడు. మిగిలిన 24,000లో తక్కినవన్నీ సర్దాడు. ఎప్పటిదో పాత ప్రాసెసరు, పెట్టెతోబాటు ఊరికే వచ్చే పవర్ సప్లై!

"ఆట బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డే కదా మాస్టారూ! డబ్బు దానికి పెడితే తప్పేమిటి?" అన్నాడు.

"బొమ్మ గీసేది అదే. కాని ఏ బొమ్మ గియ్యాలో దానికి ఎవరు చెబుతారు?" అని అడిగాను. కుర్రవాడు తెల్లమొహం వేశాడు.

పిల్లలూ, ఈ సంగతి మీరూ వినండి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు మన కళ్ల ముందు నుంచి పోతాయి. 2012లో వచ్చిన "ఈగ" సినిమాలో ఈగను కంప్యూటర్లే గీశాయి. అలాంటి పనిలో ఒక్కొక్క బొమ్మకు నిమిషాలు పట్టవచ్చు, ఒక్కోసారి గంటలూ పట్టవచ్చు. పరవాలేదు, సినిమా విడుదలయ్యేదాకా వ్యవధి ఉంటుంది. ఆటలో ఆ వీలు లేదు. మీరు మీట నొక్కగానే బొమ్మ మారాలి. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కొక్కదానికి సెకనులో అరవయ్యో వంతే వ్యవధి. మామూలు తెర మీద అడ్డంగా 1920 చుక్కలూ, నిలువుగా 1080 చుక్కలూ ఉంటాయి. గుణించండి: 20,73,600. దాన్ని మళ్లీ 60తో గుణించండి. సెకనుకు 12 కోట్ల 44 లక్షల పైచిలుకు చుక్కలకు రంగు వెయ్యాలి! ఈ చాకిరీ అంతా గ్రాఫిక్స్ కార్డుది.

కాని ఆటలో శత్రువు ఎక్కడున్నాడు, బంతి ఎటు దొర్లింది, గోడ కూలిందా లేదా అన్న లెక్కలు ప్రాసెసరు చెయ్యాలి. ఆ లెక్క అందితేగాని కార్డు బొమ్మ గియ్యలేదు. మీ ఇంట్లో పూరీలు చేసేటప్పుడు చూడండి. ఒకరు ఒత్తుతారు, ఒకరు వేయిస్తారు. వేయించేవారు నిమిషానికి 20 వేయించగలిగినా, ఒత్తేవారు 5 మాత్రమే ఒత్తితే మీ విస్తట్లోకి వచ్చేవి 5 పూరీలే. మూకుడు ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఈ మాట చెప్పేసరికి చెల్లెలు కిసుక్కున నవ్వింది. అన్న జాబితా మడిచాడు.

"మరి ఎలా పంచాలి మాస్టారూ?"

మా నాన్నగారు ఏ ఖర్చునైనా అణాలలో చెప్పేవారు. 1957లో నయాపైసలు రాకముందు రూపాయికి 16 అణాలు. వీళ్ల దగ్గర 64,000 ఉన్నది గనక అణాకు 4,000. తెర వాళ్ల మేనమామ ఇచ్చాడు, అది కొనక్కర్లేదు. ముగ్గురం కూర్చుని ఇలా పంచాం:

గ్రాఫిక్స్ కార్డుకు 6 అణాలు. ప్రాసెసరుకు 3. మదర్‌బోర్డుకు 2. మెమొరీకి 2. ఎస్‌ఎస్‌డికి ఒకటిన్నర. పవర్ సప్లైకి 1. పెట్టెకు అర్ధణా. మొత్తం పదహారు.

మెమొరీ అంటే మీరు చదువుకునే బల్లవంటిది, ఎస్‌ఎస్‌డి పుస్తకాల బీరువావంటిది. బల్ల చిన్నదైతే మాటిమాటికీ బీరువా దగ్గరికి లేవాలి. 16 జీబీ మెమొరీ ఒకే పలకగా కంటె 8 జీబీ పలకలు రెండుగా తీసుకోవటం మేలు. అప్పుడు ప్రాసెసరుకు రాకపోకలకు రెండు దారులుంటాయి.

తరవాతి శనివారం వాళ్ల నాన్నకు షూటింగు లేదు. నలుగురమూ యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేట, బేగంపేట దాటి ప్యారడైజ్‌లో దిగాం. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు ఉన్నది. అందరూ సీటీసీ అంటారు. కంప్యూటరు సామాన్ల షాపులు అక్కడ బోలెడు.

ఒక షాపులో మెమొరీ చూపించగానే అబ్బాయి తీసుకోబోయాడు. చెల్లెలు ఆపింది. "అన్నా, ఇది డీడీఆర్5. మన బోర్డు డీడీఆర్4!" అన్నది. నిజమే. రెంటికీ 288 కాళ్లే, పొడవూ ఒకటే. కాని కింద ఉండే గాటు చోటు వేరు, ఒకటి మరొకదానిలో దిగదు. ప్రాసెసరుకూ మదర్‌బోర్డుకూ ఇలాగే జోడీ కుదరాలి. ఏఎం4 గూటిలో పట్టే ప్రాసెసరు ఏఎం5 గూటిలో పట్టదు. ఈ పేర్లు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లాలి.

2025 చివరలో మెమొరీ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ యంత్రాలకు మెమొరీ విపరీతంగా కావలసి రావటమే దానికి ముఖ్య కారణం. మా లెక్కకు అర్ధణా ఎక్కువైంది. అబ్బాయి వెంటనే, "పవర్ సప్లైలో తగ్గిద్దాం, అది కనిపించేది కాదుగా!" అన్నాడు.

ఇంతసేపూ మాట్లాడని వాళ్ల నాన్న అప్పుడు నోరు విప్పాడు.

"ఒరే, సెట్టు మీద జనం చూసేది లైటునే. అది వెలిగేది జనరేటరు వల్ల. జనరేటరు మోయగలిగినంతా మేమెన్నడూ లైట్లు వెయ్యం. కొంత మిగిల్చే వేస్తాం."

ఆ మాటతో నేను చేసిన తప్పొకటి గుర్తుకు వచ్చింది. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న ఒక బడిలో, చవకగా వస్తున్నాయి గదా అని కంప్యూటర్లకు నాసిరకం పవర్ సప్లైలు వేయించాను. ఒక వేసవి మధ్యాహ్నం ఒకటి కాలిపోయింది. పోతూ పోతూ మదర్‌బోర్డునూ, డిస్కునూ తీసుకుపోయింది. అందులో పదో తరగతి పిల్లల మార్కులున్నాయి. రెండు రాత్రులు కూర్చుని మళ్లీ రాశాం. నేను ఆదా చేసిన డబ్బు కొన్ని వందలు, పోయినది వేలు.

అబ్బాయి లెక్క వేశాడు. కార్డుకు 130 వాట్లు, ప్రాసెసరుకు 90, తక్కినవాటికి 60. మొత్తం 280. కార్డు ఒక్కొక్క క్షణం ఉన్నట్టుండి ఎక్కువ లాగుతుంది గనక 550 వాట్లది తీసుకున్నాం. దాని మీద 80 ప్లస్ గుర్తు చూశాం. గోడ నుంచి లాగే ప్రతి 100 వాట్లలో కనీసం 80 సామాన్లకు చేరుతాయని ఆ గుర్తుకు అర్థం. మిగతాది వేడిగా పోతుంది. అయితే గుర్తు ఒక్కటే చాలదు, మంచి పేరున్న తయారీదారా, ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నారు అన్నదీ చూసుకోవాలి. అర్ధణా గ్రాఫిక్స్ కార్డులోనే తగ్గించాం. అబ్బాయి మొహం కాస్త చిన్నబోయినా మారుమాటాడలేదు. బిల్లులన్నీ చెల్లెలు జాగ్రత్తగా దాచింది.

మర్నాడు వాళ్ల ఇంట్లో బిగింపు. ముందు గాలి ముందువైపు నుంచి వచ్చి వెనకనుంచి పోయేలా ఫ్యానులు అమర్చాడు. మన ఎండలకు అది ముఖ్యం. మూడు గంటల తరవాత మీట నొక్కాడు. ఫ్యానులు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉన్నది!

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అబ్బాయికి చెమటలు పట్టాయి. అంతలో చెల్లెలు వెనకకు వెళ్లి చూసి, "అన్నా, తెర తీగ మదర్‌బోర్డుకు పెట్టావు, కార్డుకు కదా పెట్టాలి!" అన్నది. వాళ్లు కొన్న ప్రాసెసరులో బొమ్మ గీసే భాగం లేదు. తీగ మార్చగానే తెర వెలిగింది.

ఆ తల్లి అప్పటికప్పుడు ఒక షరతు పెట్టింది. రోజుకు గంట ఆట, అదీ చెల్లెలి చదువు పని అయిన తరవాత. ఇద్దరూ ఒప్పుకున్నారు. పెద్దలకు నా మనవి ఒకటే: పిల్లవాడు ఇలాంటి జాబితా తెస్తే వెంటనే కాదనకండి, అవుననకండి. పక్కన కూర్చుని పదహారణాల లెక్క వేయించండి. ఆ లెక్కలోనే సగం చదువు ఉన్నది.

ఇక మీకొక ప్రశ్న. అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుండే తెర కొంటే గ్రాఫిక్స్ కార్డు ఎన్ని రెట్లు చుక్కలకు రంగు వెయ్యాలి? అప్పుడు మన పదహారణాలలో ఏ భాగం పెంచాలి, దేన్ని తగ్గించవచ్చు, దేన్ని తగ్గించకూడదు? ఆలోచించండి. వచ్చే నెల చెప్పుకుందాం.