సర్వర్ ఆగినా డైరీ ఆగకూడదు



పోయిన నెల యూనిట్ టెస్ట్‌ల వారంలో ఒక రోజు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా మన స్కూల్ యాప్ పనిచేయలేదు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లారితే సైన్స్ పరీక్ష. ఏయే పాఠాలు చదవాలో యాప్‌లోనే పెట్టాం. తెరిస్తే గుండ్రంగా తిరిగే గుర్తు తప్ప ఏమీ లేదు. "మేడమ్, మా ఫోన్ ఖరాబైందా, మీ యాప్ ఖరాబైందా?" అని ఒక తల్లి నాకు ఫోన్ చేసి అడిగారు. రెండూ బాగానే ఉన్నాయి. యాప్ వెనక ఉండే సర్వర్‌ను మెయింటెనెన్స్ కోసం ఆపారు. గంటలో అయిపోవాల్సిన పని నాలుగు గంటలు పట్టింది.

ఇంగ్లిష్ టీచర్‌కు సర్వర్ల సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. కారణం ఉంది. వచ్చే విద్యా సంవత్సరం నుంచి కాగితం డైరీ తీసేసి హోంవర్క్, సర్క్యులర్లు, లీవ్ లెటర్లు అన్నీ యాప్‌లోనే నడిపిద్దామనే మాట వినిపిస్తోంది. బ్యాగు బరువు తగ్గుతుంది, డైరీ పోయిందనే గొడవ ఉండదు అని మీలో కొందరు కూడా అంటున్నారు. నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే ముందు సర్వర్ ఎందుకు ఆగుతుందో చెప్పాలి.

"సర్వర్ డౌన్ అంటే కింద పడిపోయిందా టీచర్?" అని ఏడో తరగతి పిల్లవాడొకడు అడిగాడు. క్లాసంతా నవ్వింది కానీ ప్రశ్న మంచిదే. సర్వర్ అంటే ఎక్కడో ఒక పెద్ద గదిలో రాత్రింబవళ్లు నడుస్తూ ఉండే కంప్యూటర్. స్కూళ్లు, షాపులు, ఆసుపత్రులు ఇలాంటివి సొంతంగా పెట్టుకోలేవు కాబట్టి హోస్టింగ్ కంపెనీల దగ్గర జాగా అద్దెకు తీసుకుంటాయి. ఒకే యంత్రం మీద వందల వెబ్‌సైట్లు కాపురం ఉంటాయి. యంత్రం ఆగితే అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఒకే బోరు మీద పది ఇళ్లు బతుకుతుంటే మోటరు కాలిన రోజు ఎట్లా ఉంటుందో అట్లా.

మరి ఆపడం ఎందుకు? సాఫ్ట్‌వేర్‌లో దొంగలు దూరే సందు ఒకటి బయటపడితే దాన్ని మూసే అప్‌డేట్ వేయాలి, వేశాక యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలి. హార్డ్ డిస్కులు అరుగుతాయి, మార్చాలి. సాంచాలు నడిపే ఇళ్లలో ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బీము అయిపోతే సాంచా ఆపి కొత్తది ఎక్కించాలి, పోగు తెగితే ఆపి అతకాలి. ఆపకుండా నడిపితే బట్టే పాడవుతుంది. కాబట్టి మెయింటెనెన్స్ కోసం ఆపిన కంపెనీని నేను తప్పుపట్టను. ఎప్పుడూ ఆపని కంపెనీ అంటేనే నాకు భయం.

ముందు చెప్పి ఆపడం వేరు, చెప్పకుండా ఆగడం వేరు. 1970 నుంచి మన దగ్గర కరెంటు ఇస్తున్న సెస్ సంగతే తీసుకోండి. లైన్ల మరమ్మతు కోసం ఫలానా టైం నుంచి కరెంటు ఉండదని ముందే తెలిస్తే పొద్దున్నే మోటరు వేసి ట్యాంకు నింపుకుంటాం, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటాం. గాలివానకు స్తంభం పడితే ఎవరినీ ఏమీ అనలేం. 2024 డిసెంబరులో డేటాబేస్ మార్పు కోసం ధరణి పోర్టల్‌ను కొన్ని రోజులు ఆపినప్పుడు కూడా ప్రభుత్వం ముందే ప్రకటించింది. రిజిస్ట్రేషన్ పెట్టుకున్నవాళ్లకు ఇబ్బందే, కానీ తారీఖు తెలుసు కాబట్టి ఆఫీసుకు వెళ్లి ఉత్తచేతులతో తిరిగిరావాల్సిన పని తప్పింది. మన యాప్ విషయంలో హోస్టింగ్ కంపెనీ పంపిన ఈమెయిల్ ఆఫీసు దాకా వచ్చింది, మీ దాకా రాలేదు. అది వచ్చి ఉంటే పరీక్ష పాఠాలు ముందు రోజే క్లాసులో రాయించేవాళ్లం.

ఇంకో చిక్కు టైంది. ఇలాంటి పనులు జనం తక్కువ వాడే వేళ చేస్తారు, అంటే తెల్లవారుజామున. కానీ ఎవరి తెల్లవారుజాము? మన సాయంత్రం ఆరు అమెరికా పడమటి తీరంలో ఇంకా కోడికూత వేళే. అక్కడివాళ్లకు అనుకూలంగా పెట్టిన టైం ఎల్లారెడ్డిపేటలో హోంవర్క్ టైం మీద పడింది. సరే, మన రాత్రి పదకొండుకు మార్పించుకుందాం అంటారా? అప్పుడు దుబాయ్‌లో తొమ్మిదిన్నర, సౌదీలో, కువైట్‌లో ఎనిమిదిన్నర. డ్యూటీ నుంచి రూముకొచ్చి, అన్నం తిని, బిడ్డ మార్కులు చూద్దామని తండ్రి ఫోన్ చేతిలోకి తీసుకునే వేళ అది. మా క్లాసులో అలాంటి తండ్రులున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్లకు యాప్ ఒక్కటే డైరీ. అందుకే యాప్ వద్దని నేను అనను. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య ఆపమని స్కూల్ యాజమాన్యం కంపెనీని అడగాలి. అద్దె కడుతున్నాం, అడగొచ్చు.

హోస్టింగ్ కంపెనీల ప్రకటనల్లో "99.9 శాతం అప్‌టైమ్" అని ఉంటుంది. పిల్లలతో ఈ లెక్క చేయించండి. నెలకు 43,200 నిమిషాలు. అందులో 0.1 శాతం అంటే 43 నిమిషాలు ఆగినా వాళ్ల మాట తప్పినట్లు కాదు. అదే 99 శాతం అయితే నెలకు ఏడు గంటల పైనే. ప్రోగ్రెస్ కార్డులో 99 వస్తే మనం స్వీట్లు పంచుతాం, సర్వర్‌కు 99 వస్తే తిట్టుకుంటాం.

నాలుగు గంటలు ఆగడం చిన్న విషయమే. తిరిగి వచ్చేసరికి లోపలి సమాచారం ఉందా లేదా అన్నదే పెద్ద విషయం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది. లక్షల వెబ్‌సైట్లు ఆగాయి. వేరే ఊళ్లో కాపీ పెట్టుకున్నవాళ్లు తేరుకున్నారు. కాపీ కూడా ఆ ఆవరణలోనే ఉన్నవాళ్లలో కొందరికి అసలూ నకలూ రెండూ పోయాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో మంటలు లేవు, ఏమీ లేవు. రాత్రిపూట ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో ఉన్న డేటా చెరిపేశాడు. బ్యాకప్‌లు చూస్తే చాలావరకు పనిచేయడమే లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల కిందటి కాపీ ఒకటి దొరికింది. ఆ సంస్థలో నాకు నచ్చింది ఏమిటంటే, ఏదీ దాచకుండా జరిగింది జరిగినట్లు లోకానికి చెప్పారు.

మీ పిల్లల అటెండెన్స్, మార్కులు, ఫీజు రసీదులు కూడా అలాంటి యంత్రంలోనే ఉన్నాయి. కాబట్టి పేరెంట్స్ మీటింగ్‌లో "యాప్ ఎందుకు ఆగింది" అని ఒక్కటే అడిగి ఊరుకోకండి. "కాపీ ఎక్కడ ఉంది, దాన్ని తిరిగి తెరిచి చూసింది చివరిసారి ఎప్పుడు" అని అడగండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్లే.

ఇక డైరీ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర మీద ఆగిపోయాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు. అంత పెద్ద ఎయిర్‌లైన్స్‌కు ఆ రోజు అక్కరకొచ్చింది కాగితం, పెన్ను. మనం ఉన్న కాగితాన్ని తీసేస్తాం అంటున్నాం.

డైరీలో ఇంకో గుణం ఉంది. పొద్దంతా సాంచాల దగ్గర ఉండి ఇంటికొచ్చే తల్లికో, ఫోన్ వాడటం రాని నాయనమ్మకో బిడ్డ చదువు కనిపించేది అందులోనే. పక్కింటి డిగ్రీ పిల్ల చదివి చెప్తుంది. సంతకం పెట్టడానికి డేటా ప్యాక్ అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, హోంవర్క్ ఏమిటో పిల్లలు తమ చేత్తో రాసుకుంటారు. ఫోన్‌లో వచ్చిన హోంవర్క్ అమ్మానాన్నల పని అవుతోంది, పిల్లలు "అమ్మా, ఏమొచ్చింది?" అని అడుగుతున్నారు. ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు తప్పుల్లేకుండా రాయడం రాని పిల్లలకు రోజూ ఒక పేజీ డైరీ రాయడం కూడా పాఠమే. ఇది టీచర్‌గా నా స్వార్థం అనుకున్నా సరే. బరువు తగ్గించాలంటే బ్యాగులో గైడ్లు, వర్క్‌బుక్‌లు చాలానే ఉన్నాయి, వాటి నుంచి మొదలుపెడదాం.

ఫీజుల గురించి ఒక్క మాట. యాప్ సగంలో ఆగి, ఖాతాలో డబ్బులు కట్ అయి, రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. మీ యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసులో చూపించండి. సర్వర్ ఆగిన రోజు గడువు దాటితే లేట్ ఫీజు తీసుకోకూడదన్నది కూడా నా అభిప్రాయం. యాజమాన్యానికి అదే చెప్పాను. అలాగే ఆ సాయంత్రం రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిని కొందరు గట్టిగా మాటలన్నారు. సర్వర్ ఆపింది తను కాదు, మొదలుపెట్టాల్సిందీ తను కాదు.

డైరీ ఉంచాలా వద్దా అన్నది వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మిమ్మల్ని అడుగుతారు. ఫారంలో అవును, కాదు అని రెండు గడులు ఉంటాయి. టిక్ పెట్టే ముందు ఇంట్లో ఫోన్ లేనివాళ్లను, గల్ఫ్‌లో ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లను కూడా ఒకసారి అడిగి రండి. ఇప్పటి డైరీ కూడా వెంట తెచ్చుకోండి, మీ పిల్లల చేతిరాత జూన్ నుంచి ఇప్పటికి ఎంత మారిందో కూర్చుని చూద్దాం.