పెద్దలకు దవడ నొప్పి: కంటికి హెచ్చరిక



ఇస్సాకు ముసలివాడైనప్పుడు అతని కన్నులు మందగించిన సంగతి మనకు తెలుసు. వయసుతో చూపు మెల్లగా తగ్గడం సహజమే. కాని ఒక్క రోజులో కన్ను చీకటైపోవడం సహజం కాదు. చాలాసార్లు దేహం ముందుగానే కొన్ని గురుతులు చూపుతుంది.

ఇంట్లో మామ్మగారికి అన్నం నములుతుంటే దవడలు పీకి, ఆపగానే తగ్గుతున్నాయా? దువ్వెన తగిలితే నెత్తి నొస్తోందా? కణతల్లో కొత్తగా నొప్పి, ఉదయాన భుజాలు పట్టేయడం, కారణం తెలియని జ్వరం, మానని పొడి దగ్గు ఉన్నాయా? పంటి నొప్పనీ, వాతమనీ సరిపెట్టుకోవద్దు.

ఇది జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అనే రక్తనాళాల వాపు కావచ్చు. 50 ఏళ్లు దాటినవారికి, ఎక్కువగా 70 దాటిన స్త్రీలకు వస్తుంది. మన దేశంలో అరుదు గనుక త్వరగా ఎవరికీ తట్టదు. కంటికి రక్తమిచ్చే నాళం మూసుకుపోతే, పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు. వైద్యం అందకపోతే రెండో కన్నూ కొద్ది రోజుల్లోనే పోవచ్చు.

అందుచేత ఈ గురుతులుంటే ఆలస్యం చేయక డాక్టరుగారికి చూపించండి. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, పొన్నూరు నుండి ఆ రోజే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే రక్తపరీక్షలు సూచన ఇస్తాయి. అనుమానం బలంగా ఉంటే ముక్క పరీక్ష ఫలితం కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెడతారు. షుగరు ఉంటే ముందే చెప్పండి. ఆ మాత్రలు సొంతంగా వాడవద్దు, హఠాత్తుగా ఆపవద్దు.

పెద్దల కోసం ప్రార్థించండి. ఈ ఆదివారం ఆరాధన నుండి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు, "నమిలితే నొస్తోందా?" అని కూడా ఒక్కమాట అడగండి.