ట్రక్కు తగిలించే ముందు

మిరప కోతలు మొదలయ్యాయి. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర కోత కూలీల ట్రాక్టర్ బోల్తాపడి నలుగురు ఆడవాళ్లు చనిపోయిన సంగతి మనం మరవలేదు.

చిలకలూరిపేట నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు ఎక్కించేటప్పుడు బరువంతా వెనక్కి నెట్టకండి. వెనక బరువైతే ముందు కొక్కెం పైకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు పోతుంది. కొక్కెం పిన్నుకు క్లిప్పు బదులు తీగ చుట్టి నెట్టుకొచ్చేవాళ్లం మనలోనే ఉన్నాం. దుక్కిలో విడివిడిగా తొక్కే రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలిపి గడియ వేయాలి. లేకపోతే బండి ఒక పక్కకు లాగేస్తుంది. కాలువ కట్ట దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయొద్దు, ట్రక్కే వెనక నుంచి తోస్తుంది.

ట్రక్కు సరుకుకే, మనుషులకు కాదు. కూలీల ఆటో కిరాయి ఎవరు పెట్టుకోవాలన్న తగువు ప్రతి ఊళ్లోనూ ఉంది. రైతే పెట్టుకోవాలని మా సంఘం అభిప్రాయం. కోతల రోజుల్లో పల్లెలకు ఉదయం, సాయంత్రం బస్సు నడపాలని ఆర్టీసీని అడుగుతున్నాం.