గట్టున కూర్చోబెట్టే వ్యాయామ విద్య ఇక వద్దు

యానాం పాఠశాలల్లో వ్యాయామ విద్య ప్రణాళికను ఇన్నాళ్లూ ఆటకు దూరంగా ఉండిపోయిన పిల్లలను ముందు పెట్టుకొని తిరగరాయాలి. ఆటల పీరియడు గంట మోగి తోటివారంతా మైదానంలోకి ఉరుకుతుంటే, కాలికి కాలిపర్ వేసుకున్న విద్యార్థికి పుస్తకాల సంచుల కాపలానో స్కోరు రాసే పనినో అప్పగించి, దానినే దయగా తలచే అలవాటు తెలుగునాట అనేక పాఠశాలల్లో పాతుకుపోయింది. అది దయ కాదు, హక్కును కాలరాయడం.

దివ్యాంగుల హక్కుల చట్టం–2016లోని 16వ సెక్షను ప్రకారం, ప్రభుత్వ నిధులు గాని గుర్తింపు గాని పొందిన ప్రతి విద్యాసంస్థా దివ్యాంగ విద్యార్థులకు చదువుతో పాటు క్రీడా వినోదావకాశాలను ఇతరులతో సమానంగా కల్పించాలి. క్రీడా కార్యక్రమాలను, సదుపాయాలను వారు పాల్గొనేందుకు వీలుగా మార్చవలసిన బాధ్యతను 30వ సెక్షను ప్రభుత్వంపైనే ఉంచింది. దీనికి తొమ్మిదేళ్ల ముందే, 2007లో, భారతదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కూడా పాఠశాల క్రీడల్లో దివ్యాంగ బాలలకు సమాన ప్రవేశం ఉండాలని స్పష్టం చేసింది. కాబట్టి ఇది వ్యాయామ ఉపాధ్యాయుని మంచితనానికి వదిలేయదగిన విషయం కాదు.

సమ్మిళిత వ్యాయామ విద్య అంటే, దివ్యాంగ విద్యార్థులను విడిగా ఒక మూల ఆడించకుండా, తోటివారితో ఒకే పీరియడులో, ఒకే మైదానంలో, ఆటనే వారికి తగినట్టు మలచి ఆడించడం. ఆడే చోటు, చేసే పని, వాడే సామగ్రి, కలిసి ఆడే మనుషులు, ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని కాస్త మారిస్తే ప్రతి విద్యార్థికీ ఆటలో చోటు దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1946లో రూపొందిన గోల్‌బాల్ ఆట దీనికి చక్కని ఉదాహరణ. అందులో బంతి లోపల గంటలు ఉంటాయి. కోర్టు గీతల కింద సన్నని తాడు పరచి పైన టేపు అంటిస్తారు కనుక ఆటగాడు గీతను తడిమి తానెక్కడ ఉన్నాడో తెలుసుకుంటాడు. కొంత చూపు ఉన్నవారు కూడా కళ్లకు గంతలు కట్టుకోవలసిందే కనుక అందరూ సమానులవుతారు. ఈ పద్ధతిని బడికి తెచ్చుకోవడానికి కావలసిన తాడు, టేపు, గజ్జెల కోసం యానాం బజారు దాటి వెళ్లనక్కరలేదు. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు క్రీడా నిధికి వీలుంది. అందులో కొంత భాగాన్ని ఇటువంటి సామగ్రికి తప్పనిసరిగా కేటాయించాలి.

అయితే మంచి మనసు ఒక్కటే చాలదు, తెలివిడి కావాలి. ఉదాహరణకు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలోని ఎముకల కీలు వదులుగా ఉంటుంది. వైద్యుని సలహా లేకుండా వారిచేత పిల్లిమొగ్గలు వేయిస్తే వెన్నుపాముకే ప్రమాదం. మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అందుకే ప్రణాళిక విద్యార్థి ఆరోగ్య వివరాలతో మొదలై, తల్లిదండ్రులు, వైద్యుడు, ప్రత్యేక విద్యోపాధ్యాయుడు, వ్యాయామ ఉపాధ్యాయుడు కలిసి కూర్చొని రాసే వ్యక్తిగత లక్ష్యాలతో రూపం దిద్దుకోవాలి. ఎవరు ఏ ఆటలో ఎంతసేపు పాల్గొన్నారో నమోదు చేసి ప్రతి టర్మ్ చివర సరిచూడాలి. ప్రమాద భయాన్ని సాకుగా చూపి పిల్లలను గట్టున కూర్చోబెట్టడం కన్నా, ప్రమాదం ఎక్కడుందో ముందే తెలుసుకోవడం మేలు.

ఈ పని యానాంలో సాధ్యమా అనే అనుమానం అక్కరలేదు. 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 2011 లెక్కల ప్రకారం 55,626 జనాభా ఉన్న ఈ ప్రాంతంలో, మెట్టకూరు నుంచి దరియాలతిప్ప వరకు ఏ పాఠశాలలో ఏ విద్యార్థికి ఏమి అవసరమో ఒక్క రిజిస్టరులో రాసుకోవచ్చు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా, స్థానిక విద్యాశాఖ డెలిగేట్ కార్యాలయమే ఆ రిజిస్టరు తెరవాలి. గోదావరి పొంగి మైదానాలు బురదమయమయ్యే రోజుల్లోనూ, ఎండ మండే వేళల్లోనూ చక్రాల కుర్చీ సాఫీగా కదలాలంటే చదునైన నేల, తలపైన కప్పు కావాలి. పట్టణంలో ఇండోర్ స్టేడియం ఉండగా, వారంలో కొన్ని పూటలైనా దాన్ని పాఠశాలలకు కేటాయించకపోవడానికి కారణం కనిపించదు. ప్రభుత్వ పాఠశాలలు ఇప్పుడు అనుసరిస్తున్న సీబీఎస్ఈ, 9 నుంచి 12 తరగతుల వరకు రోజూ ఒక పీరియడు ఆరోగ్య, వ్యాయామ విద్యకు ఇవ్వాలంటోంది. ఆ బోర్డు వ్యాయామ విద్య సిలబస్‌లో ప్రత్యేక అవసరాలు గల పిల్లల క్రీడల గురించి ఒక అధ్యాయమే ఉంది. పరీక్ష కోసం చదివే ఆ పాఠం మైదానంలో కనిపించాలి.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి, మేధో వైకల్యం గలవారి టీ20 విభాగంలో 400 మీటర్ల పరుగులో 2024 పారిస్ పారాలింపిక్స్ కాంస్యం గెలిచింది. ఊరి బడిలో ఆమెను గట్టున కూర్చోబెట్టి ఉంటే ఆ పరుగు లోకానికి తెలిసేదే కాదు. అయినా ఈ కోరిక పతకాల కోసం కాదు. పతకం తేలేని పిల్లలకూ చెమట పట్టే హక్కు, ఓడిపోయే హక్కు, జట్టులో పేరు పిలిపించుకునే హక్కు ఉన్నాయి.

వచ్చే విద్యాసంవత్సరపు వ్యాయామ విద్య ప్రణాళికపై సంతకం చేసే ముందు ప్రతి ప్రధానోపాధ్యాయుడూ హాజరు పట్టీని పక్కన పెట్టుకొని చూడాలి. అందులోని ఒక్కొక్క విద్యార్థి పేరు ఎదుట ఒక ఆట పేరు ఉండాలి. లేకపోతే ఆ ప్రణాళికను వెనక్కి పంపాలి.