కోత లేదు సరే, గోలీల సంగతేంది?

"కోత లేదట బిడ్డా, తొడ కాడికెల్లి తీగ పంపి చేస్తరట. మూడు రోజుల్ల ఇంటికి." కోరుట్ల నుంచి పెద్దమ్మ ఫోన్లో ఈ మాట చెప్పగానే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. తలనొప్పి అని జగిత్యాలలో స్కాన్ తీయిస్తే, మెదడులో ఒక ధమని గోడ బుడగలా ఉబ్బిందని తేలింది. ఆరు మిల్లీమీటర్లు. ఇంకా పగల్లేదు. (భయపడకండి, పెద్దవాళ్లలో నూటికి ముగ్గురికి ఇలాంటివి ఉంటాయంటారు. చాలావరకు పగలకుండానే ఉండిపోతాయి.)

కోత లేదు అన్న ఒక్క మాటతో మనం లెక్క ముగించేస్తాం. నా పేచీ అక్కడే. కోత లేని పద్ధతులు ఒకటి కాదు.

పాతది కాయిలింగ్. 1990ల నుంచి ఉంది. సన్నని ప్లాటినం తీగను బుడగలోకి పంపి చుట్టలు చుట్టలుగా నింపుతారు. కొద్దిగా కరెంటు పంపితే అతుకు కరిగి తీగ అక్కడే విడిపోతుంది. ఎలక్ట్రాలిసిస్ ఇందుకు కూడా పనికొస్తుందని ల్యాబులో ఎవరూ చెప్పలేదు! అయితే చుట్టలు అణగిపోయి బుడగలోకి మళ్లీ రక్తం చేరవచ్చు. అందుకే తర్వాత కూడా స్కాన్లు తప్పవు.

ఫ్లో డైవర్టర్ వేరు. మాది సిరిసిల్ల, సాంచాల చప్పుడులో పెరిగినవాణ్ని, ఇది వెంటనే అర్థమైంది. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన పైప్‌లైన్ అనే పరికరం 48 లోహపు పోగులతో అల్లిన గొట్టం. దాన్ని బుడగలో కాదు, అసలు ధమనిలోనే పరుస్తారు. రక్తం గొట్టం వెంట సాగిపోతుంది. బుడగలోకి పోయేది మందగించి, నెలల మీద అక్కడ గడ్డకడుతుంది. జాలీ మీద ధమని లోపలి పొర పెరుగుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో ఈ ఉదాహరణ చెప్పి ఉంటే నేను సప్లీ రాసేవాణ్ని కాదేమో.

కానీ ఆ పొర పెరిగేదాకా ఆస్పిరిన్‌తో పాటు ఇంకో గోలీ నెలల తరబడి వేసుకోవాలి. డాక్టరును అడగకుండా ఆపేస్తే జాలీలోనే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు.

బుడగ మూతి వెడల్పుగా, ధమని రెండుగా చీలే చోట ఉంటే, లోపలే అల్లిక బుట్టను పెట్టే వెబ్ అనే పద్ధతి ఉంది. దానికి ఈ గోలీల బాధ చాలావరకు తక్కువ. పుర్రె తెరిచి క్లిప్పు పెట్టడం పెద్ద కోతే, కానీ సరిగ్గా పడితే తిరగబెట్టడం అరుదు. చిన్న బుడగైతే బీపీ అదుపులో పెట్టి కనిపెట్టుకుని ఉండటమూ వైద్యమే.

నేననేది, ఈ పోలికలో దూరాన్ని కూడా లెక్కేయాలని. కోరుట్ల నుంచి పట్నం రెండొందల కిలోమీటర్లు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, సంతోషం. కానీ ఆ కార్డు ఆరు నెలల తర్వాత మనల్ని బస్సెక్కించదు, రాత్రి గోలీ గుర్తుచేయదు. పెద్దమ్మ బీడీలు చుడుతూ కూర్చుంటే బీపీ గోలీయే మర్చిపోతుంది.

పోయిన నెల పట్నంలో రెండో డాక్టరు ఫిల్ములు చూసి, పద్ధతుల గురించి చెప్పకముందే అడిగిన మాట ఒకటే: "ఇంట్లో గోలీలు ఎవరు చూస్తరమ్మా?"

పెద్దమ్మ నా దిక్కు చూసింది. నేనుండేది హాస్టల్‌లో.