నీ మెషీన్లో సరిచేసుకుంటే బగ్ పోయినట్టేనా?

ముందే చెప్పేస్తున్నా, ఇది కొంతమందికి కోపం తెప్పించే రాత. నాలుగేళ్ళ క్రితం దాకా ఆ కొంతమందిలో నేనూ ఒకణ్ణి కాబట్టి, తిట్టే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నా.

కరెంటు గ్రిడ్‌ని కంప్యూటర్లో నడిపి చూసే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. కార్నెల్ యూనివర్సిటీలో పుట్టిన మ్యాట్‌పవర్, అమెరికాలో ఎప్రి సంస్థ 2008లో సోర్స్‌తో సహా బయటపెట్టిన ఓపెన్‌డీఎస్ఎస్, జర్మనీ వాళ్ళ పాండాపవర్... ఎంటెక్ ప్రాజెక్టుల నుంచి కన్సల్టెన్సీ రిపోర్టుల దాకా వీటిమీద పని గడుపుకునేవాళ్ళు బోలెడుమంది. గడుపుకోండి, మంచిదే. నా గొడవల్లా ఒక్కటే. వీటిలో తప్పు దొరికితే మనం చేసేదేంటి? మన కాపీలో ఒక లైను మార్చుకుని, నోరు మూసుకుని కూర్చోవడం. ఎవరికి వారే యమునా తీరే!

మామూలు సాఫ్ట్‌వేర్లో బగ్ ఉంటే పేజీ తెరుచుకోదు, ప్రోగ్రాం కుప్పకూలుతుంది. ఎవడో ఒకడు అరుస్తాడు. గ్రిడ్ సిమ్యులేషన్లో అలా కాదు. లోడ్ ఫ్లో నడుస్తుంది, నాలుగైదు ఇటరేషన్లలో కన్వర్జ్ అవుతుంది, ఎనిమిదో దశాంశ స్థానం దాకా అంకెలు చక్కగా వరసలో వచ్చేస్తాయి. తప్పు అంకెలు! కన్వర్జ్ అయిందంటే మనం ఇచ్చిన సమీకరణాలకు జవాబు దొరికిందని అర్థం. ఆ సమీకరణాలు మన గ్రిడ్‌వే అని గ్యారంటీ ఏమీ లేదు.

నాకు జరిగిందే చెప్తా. కంపెనీ పేరు, సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ అనవసరం. మొదటి ఉద్యోగంలో ఓ 33/11 కేవీ సబ్‌స్టేషన్ స్టడీ చేస్తున్నాను. పొడుగాటి లైను చివర ఉన్న సబ్‌స్టేషన్, అక్కడికి చేరేసరికి వోల్టేజీ 31.35 కేవీకి పడిపోతుంది. అందుకని ట్రాన్స్‌ఫార్మర్ హైవోల్టేజీ వైపు ట్యాప్‌ని 5 శాతం తగ్గించి పెట్టారు. లోడ్ లేదనుకుని చేత్తో లెక్కేయండి. 33లో 5 శాతం తీసేస్తే 31.35. వచ్చే వోల్టేజీ కూడా అంతే. అంటే అవతలి వైపు సరిగ్గా 11 కేవీ రావాలి. సాఫ్ట్‌వేర్ ఏమందో తెలుసా? 9.93 అంది.

రెండు రోజులు నా డేటాలోనే తప్పుందనుకుని తల పగలగొట్టుకున్నా. చివరికి కోడ్ తెరిస్తే దొరికింది. ఫైల్లో ట్రాన్స్‌ఫార్మర్ హైవోల్టేజీ కొస ముందు రాస్తే లెక్క కరెక్ట్. లోవోల్టేజీ కొస ముందు రాస్తే మాత్రం ట్యాప్‌ని తీసుకెళ్ళి తప్పు వైపు తగిలిస్తోంది. వాళ్ళ టెస్టుల్లో అన్నీ హైవోల్టేజీ కొస ముందున్నవే, కాబట్టి టెస్టులన్నీ పాస్! 9.93 చూసిన ప్లానింగ్ ఇంజనీరు ఏం చేస్తాడు? లేని రోగానికి కెపాసిటర్ బ్యాంకు పెట్టమంటాడు, కాదంటే ఇంకో లైను వేయమంటాడు. ఆ డబ్బు ఎవరిది? మనం కట్టే కరెంటు బిల్లుది.

ఒక లైను మార్చాను, 11 వచ్చింది. "దీన్ని వాళ్ళకి రిపోర్ట్ చేద్దామా సార్" అని మా లీడ్‌ని అడిగితే, "ముందు డెలివరీ చూడు బాబూ, బయటికి ఏదన్నా పంపాలంటే లీగల్ వాళ్ళ అప్రూవల్ కావాలి" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే అనిపించింది. ఒక పని తప్పిందిగా!

రెండేళ్ళ తర్వాత, వేరే కంపెనీలో ఉండగా, కాలేజీలో నా జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, మూడు రోజులైంది, వోల్టేజీ తక్కువ చూపిస్తోంది, నా డేటాలో తప్పు కనపడట్లేదు." వాడు పేరు చెప్పకముందే నాకు అర్థమైపోయింది. అదే సాఫ్ట్‌వేర్, అదే లైను. వాడి మూడు రోజులు నేను తిన్నవే. వాడు ఫోన్ చేశాడు కాబట్టి తెలిసింది. ఫోన్ చేయకుండా 9.93నే నమ్మి రిపోర్టు రాసి ఇచ్చేసినవాళ్ళు ఎందరున్నారో!

ఇహ మనవాళ్ళు చెప్పే సాకులు చూద్దాం.

ఒకటి: "మా నెట్‌వర్క్ డేటా రహస్యం, బయటపెట్టకూడదు." ఎవరు పెట్టమన్నారు? రెండు బస్సులు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ చాలు నా బగ్ చూపించడానికి. మూడు వేల బస్సుల నెట్‌వర్క్‌ని సగం సగం కోసుకుంటూ రండి, తప్పు ఎక్కడ నిలబడుతుందో చూడండి. రెండు మూడు బస్సులు మిగిలేసరికి అందులో మీ కంపెనీ రహస్యం ఏదీ మిగలదు.

రెండు: "ఫ్రీగా వచ్చేదాంట్లో అంతే ఉంటుంది, డబ్బు పెట్టి కొన్నవాటిలో ఇలాంటివి ఉండవు." అలాగా? 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్యంలో, కెనడాలో కలిపి దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలో ఫస్ట్‌ఎనర్జీ కంట్రోల్ రూంలో మధ్యాహ్నం 2:14 తర్వాత అలారాలు మూగబోయాయి, మూగబోయిన సంగతి గంటకు పైగా ఆపరేటర్లకు తెలియలేదు. కారణం రేస్ కండిషన్ అనే బగ్. అది డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరే, జీఈ వాళ్ళ ఎక్స్ఏ/21. ఓపెన్‌సోర్స్ అయితే ఆ రోజు కరెంటు పోయేది కాదని నేననను. బగ్‌కి బిల్లు చూపిస్తే పారిపోదు అంటున్నానంతే.

ఆ రోజు కథలోనే ఇంకో ముక్క. గ్రిడ్ పరిస్థితిని లెక్కగట్టే స్టేట్ ఎస్టిమేటర్ మిడ్‌వెస్ట్ ఐఎస్ఓలో తప్పు లెక్కలిస్తోంది. దాన్ని చూసే ఆయన ఆటోమేటిక్ రన్ ఆపి, సమస్య సరిచేసి, మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోయి భోజనానికి వెళ్ళాడు. తన మటుకు పని అయిపోయింది! మన కాపీలో లైను మార్చుకుని లేచిపోయే మనకీ ఆయనకీ తేడా ఎంత? ఆయన మర్చిపోయాడు, మనం కావాలని చేస్తున్నాం.

మూడు: "మనకెందుకులే." 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిలో గ్రిడ్ కుప్పకూలినప్పుడు దక్షిణాది బతికిపోయింది, అప్పటికి మన గ్రిడ్ వాళ్ళతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవలేదు కాబట్టి. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిసిపోయింది. ఇప్పుడు మనకెందుకులే అనడానికి గోడ లేదు.

నాలుగు: "రిపోర్ట్ చేసినా ఎవడూ పట్టించుకోడు." ఇందులో కొంచెం నిజముంది. కానీ మనం రాసే రిపోర్టులు ఎలా ఉంటాయి? "రిజల్ట్ తప్పు వస్తోంది, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్." వెర్షన్ ఉండదు, ఫైల్ ఉండదు. సగం కేసుల్లో అసలు బగ్గే ఉండదు. మ్యాట్‌పవర్లో జనరేటర్ రియాక్టివ్ పవర్ పరిమితులు ఆన్ చేస్తేనే పనిచేస్తాయి, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి. మాన్యువల్ చదవకుండా దాన్ని బగ్ అంటే అవతలివాడికి చిరాకు రాదూ?

జూనియర్ ఫోన్ పెట్టేసిన రాత్రే కూర్చుని రాశాను. వెర్షన్ ఇది, రెండు బస్సుల ఫైల్ ఇది, వచ్చింది 9.93, రావాల్సింది 11, చేత్తో లెక్క ఇదిగో, కొసలు తిప్పి రాస్తే సరిగ్గా వస్తోంది. మర్నాడే జవాబొచ్చింది, దీనికి టెస్ట్ కూడా రాసిస్తావా అని. రాశాను. తొమ్మిది రోజుల్లో అసలు కోడ్‌లో కలిసిపోయింది. ఆ టెస్ట్ ఉన్నంతకాలం అదే తప్పు మళ్ళీ చెప్పకుండా దూరలేదు. నా మెషీన్లో మార్చుకున్న లైనుకి ఆ కాపలా ఎప్పుడూ లేదు. పాత కంపెనీలో వెర్షన్ మార్చిన రోజున అది ఎగిరిపోయే ఉంటుంది.

మొత్తం పట్టిన సమయం మూడు గంటలు. ఆ మూడు గంటలు పెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

కాబట్టి మాష్టారూ, ఒక్క పని చేయండి. మీ కాపీ తీసి అసలు కోడ్‌తో గిట్ డిఫ్ కొట్టి చూడండి. ఎన్ని చోట్ల తేడా ఉందో లెక్కపెట్టండి. ఒక్కో తేడా ఒక్కో బాకీ. ఎవరో ముక్కూమొహం తెలియని జూనియర్ మూడు రోజులు వడ్డీ కడుతున్నాడు.