చదివింది గాని...



మొన్న ఒక కుటుంబాన్ని దర్శించినప్పుడు తండ్రి తన ఆరవ తరగతి కుమార్తెను పిలిచి, "అయ్యగారికి ఇంగ్లీషు చదివి వినిపించమ్మా" అన్నాడు. ఆ బిడ్డ ఎక్కడా తడబడకుండా ఒక పేజీ చదివింది. తండ్రి ముఖం వెలిగిపోయింది. అందులో "ది ఫార్మర్ లెఫ్ట్ ది ఫీల్డ్" అని ఉంటే, అర్థమేమిటని అడిగాను. కాసేపు ఆలోచించి, "రైతు... ఎడమ పొలం" అన్నది. పాపం, బిడ్డ తప్పు కాదు. లెఫ్ట్ అంటే ఎడమ అని నేర్పారే గాని, విడిచి వెళ్లాడనే అర్థం కూడా ఉన్నదని చెప్పినవారు లేరు.

తెలుగు పిల్లవాడు తెలుగు చదివేటప్పుడు మాట పలికిన వెంటనే గుర్తుపడతాడు. బడికి రాకముందే అది వాని చెవిలో ఉన్నది. ఇంగ్లీషులో ఆ ఆసరా లేదు.

2000లో హూ, పాల్ నేషన్ అను ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు నేర్చుకొనుచున్న విద్యార్థులకు ఒక కథ ఇచ్చి, అందులో కొన్ని మాటలకు బదులు అర్థం లేని మాటలు పెట్టి చూశారు. ఐదు మాటలలో ఒకటి తెలియనప్పుడు కథను సరిగా గ్రహించినవారు ఒక్కరూ లేరు. యాభైలో ఒకటి మాత్రమే తెలియనప్పుడు ఎక్కువమంది గ్రహించగలరని వారు అంచనా కట్టారు. ఐదింట నాలుగు తెలిస్తే చాలదా అనుకుంటాము. చాలదు. తెలియని ఆ ఒక్కటే తరచుగా వాక్యానికి ఆయువుపట్టు.

కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డ ఎంత వేగంగా చదివాడని చూడకండి, చదివినది తెలుగులో చెప్పించుకోండి. అందుకు మీకు ఇంగ్లీషు రానక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తరువాత, తెలంగాణలో 2022 తరువాత ప్రభుత్వ బడులకు వచ్చిన పాఠ్యపుస్తకాలు కొన్నింటిలో ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదుటనే తెలుగు ఉన్నవి. ఆ తెలుగు పేజీ మీ కోసమే అనుకోండి. అయితే కిరణజన్య సంయోగక్రియ వంటి మాట తెలుగులోనూ బిడ్డకు కొత్తదే. అక్కడ ఉపాధ్యాయుడు ఆకు చేతికిచ్చి వివరించవలసిందే.

"మాకేమి ఇంగ్లీషు తెలుసు అయ్యగారూ?" అన్నాడు ఆ తండ్రి. బోరు దగ్గరివి చెప్పమన్నాను. మోటారు, స్టార్టరు, పైపు, వాల్వు, ఫ్యూజు, కరెంటు... చెప్పుకుంటూ పోయాడు. అమ్మాయి నోటు పుస్తకంలో రాసుకున్నది. ఏటి నీటి ప్రవాహాన్ని కూడా ఇంగ్లీషులో కరెంటే అంటారని నేను చెప్పగా, ఆ మాట పక్కన ఇంకొంచెం చోటు చేసుకొని అదీ రాసింది.